చుక్కలు చూసి కొన్న చీర

బ్యాంకులో నా కొలువంతా అనుమానించడంతోనే గడిచిపోయింది. చెక్కు మీద సంతకం తోక కాస్త పొట్టిగా కనిపిస్తే వెనక్కి పంపేవాణ్ణి. అప్పుకోసం వచ్చినవాళ్లను జీతం కాగితమని, ఆస్తి కాగితమని, ఇద్దరు జామీనుదార్లని చెప్పులరిగేలా తిప్పిన ఘనత నాది. పదవీ విరమణ సభలో మా మేనేజరు "ఈయన సొంత నీడను కూడా కేవైసీ లేనిదే వెంట రానివ్వరు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను దాన్ని పొగడ్త కిందే జమ కట్టుకున్నాను.

అంతటివాణ్ణి, ముక్కూమొహం తెలియని నాలుగు వేల మంది బాగుందన్నారని, అమ్మేవాడి ఊరూపేరూ చూడకుండా, ఒక ఆన్‌లైన్ కొట్లో 1,499 రూపాయలకు "ఒరిజినల్ పోచంపల్లి పట్టుచీర" కొన్నాను. ఆ నాలుగు వేల మందిలో ఒక్కరినీ జామీను అడగలేదు.

అక్క కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోసి చీర పెట్టాలి. అమ్మానాన్నలు లేరు కనుక పుట్టిల్లంటే ఇక నేనూ, మా ఆవిడా. "బజారుకు పోయి చేతుల వట్టి చూద్దాం. పట్టుచీర ఫోన్ల కొంటరా ఎవరన్న?" అంది మా ఆవిడ. నేను వినలేదు. పార్కింగు దొరకదన్నాను. దుకాణం వాళ్లు మొహం చూసి ధర చెబుతారన్నాను. అసలు సంగతి వేరు. 6,999 అంకె మీద అడ్డగీత, పక్కన ఎర్రగా 1,499 చూశాక నా బుద్ధి నా దగ్గర లేదు. కింద "ఇంకా రెండే మిగిలాయి" అని ఉంది. దాని పక్కన గడియారం సెకన్లు తగ్గించుకుంటూ పోతోంది. రుణమేళాల్లో, పైవాళ్లు నెత్తిన కూర్చున్నప్పుడు కూడా నేనంత తొందరగా సంతకం పెట్టలేదు.

ఈ తొందరపెట్టే ఎత్తు సర్కారు జాబితాకెక్కిన ఎత్తేనని తర్వాత తెలిసింది. కొనేవాళ్లను మభ్యపెట్టే 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను నిషేధిస్తూ 2023 నవంబరు 30న కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. లేని కొరతనూ లేని గడువునూ చూపించి కొనిపించడం అందులో మొదటిది. అంటే నేను మొదటి మెట్టు మీదే జారాను, మిగతా పన్నెండూ ఎక్కనే లేదు.

అయినా గుడ్డిగా కొనలేదన్నది నా వాదన. రివ్యూలు చదివాను. పడక్కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. "సూపర్ శారీ." "పెళ్లిలో అందరూ ఎక్కడ కొన్నావని అడిగారు." "ధరకు తగ్గ నాణ్యత." మధ్యలో ఒకరు "ఛార్జింగ్ రెండు రోజులు వస్తోంది" అని రాశారు. చీరకు ఛార్జింగేమిటని ఒక్క క్షణం ఆగాను. పాపం ఎవరో చేయి జారి ఇక్కడ రాశారులే అని సరిపెట్టుకుని ముందుకెళ్లాను. చేయి జారి రాసింది కాదది. ఎప్పుడో అమ్మిన ఏ హెడ్‌ఫోన్ల పేజీనో అలాగే ఉంచి, దాని కింద పోగైన స్టార్లనూ అలాగే ఉంచి, పేరూ బొమ్మా మార్చి చీర ఎక్కించేస్తారు. ఆ నాలుగు వేల మందిలో చీర కట్టినవాళ్లెందరో, చెవులకు పెట్టుకున్నవాళ్లెందరో పెరుమాళ్లకే ఎరుక. చెక్కు మీద పేరు దిద్ది తెస్తే వాసన పట్టేవాణ్ణి, ఇంత పెద్ద దిద్దుబాటు కళ్ల ముందుంటే చదువుకుంటూ పోయాను.

చీర వచ్చింది. ఫొటోలో మెరిసినంతా మెరుస్తూనే ఉంది. ఫాల్ కుట్టించి, ఒడిబియ్యంతో పాటు అక్కకు పెట్టాం. అక్క అత్తవారిది చౌటుప్పల్ వైపు. మగ్గాల చప్పుడు వింటూ కాపురం చేసిన మనిషి. పదిమందిలో ఏమీ అనలేదు. కొంగు తిరగేసి, కిటికీ వెలుతురుకు పట్టి, మళ్లీ మడత పెట్టింది. చుట్టాలు భోజనాలకు లేచాక నన్ను వంటింట్లోకి పిలిచి, చీర చివర నుంచి ఒక పోగు లాగి దీపానికి చూపించింది. పోగు ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసైంది. ప్లాస్టిక్ కాలిన వాసన. తర్వాత తన పాత పట్టుచీర కుచ్చుల్లోంచి ఇంకో పోగు తీసి అంటించింది. అది వెంట్రుక కాలిన వాసన వేసింది. వేళ్ల మధ్య నలిపితే బూడిదై రాలిపోయింది.

"ఇది నేసింది కాదు తమ్మీ, ప్రింటు కొట్టింది. పట్టు గూడ కాదు," అంది. వెంటనే, "పోనియ్, నువ్వు పెట్టినవ్, గదే చాలు. ఎవ్వలికి చెప్పకు," అని సర్దేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇక్కత్‌లో బొమ్మను బట్ట మీద అద్దరు. గీసుకున్న లెక్క ప్రకారం పోగులను కట్టలు కట్టి, రంగు ఎక్కకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి, రంగులో ముంచుతారు. విప్పి, మరోచోట బిగించి, ఇంకో రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కే ముందే బొమ్మంతా పోగుల్లోకి చేరిపోయి ఉంటుంది. నేసేటప్పుడు అది బట్ట మీద తేలుతుంది. అందుకే చీర తిరగేసినా రంగు అదే, బొమ్మ అదే. గీతల అంచులు మాత్రం కాస్త అలికినట్టుంటాయి. నా చీరలో ఏనుగులు ముందువైపు కత్తిరించి అతికించినంత శుభ్రంగా ఉన్నాయి, వెనకవైపు వెలిసిపోయి ఉన్నాయి. ఆ శుభ్రాన్నే నేను నాణ్యత అనుకున్నాను.

ఇదంతా నాకు బొత్తిగా తెలియని సంగతి అయితే కొంత క్షమించవచ్చు. 2019లో "మల్లేశం" సినిమాకు మా ఆవిణ్ణి నేనే తీసుకెళ్లాను. మగ్గానికి దారం సిద్ధం చేసే ఆసు పోసి పోసి తల్లి చేయి పడిపోతుంటే చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం కథ అది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు ఆ చేయి ఎన్ని వేలసార్లు ఇటూ అటూ ఆడాలో తెర మీద చూసి జేబురుమాలు తడుపుకున్నాను. ఇంటికొచ్చి నలుగురికీ ఆ కథ చెప్పాను. 1,499 ముందు ఆ చేయి గుర్తు రాలేదు. ఒక చీరకు పట్టే పట్టు దారం ఖరీదే అంతకు మించుతుందని లెక్క కట్టడానికి బ్యాంకులో పనిచేసి ఉండక్కర్లేదు కూడా.

ఇక ఫిర్యాదు పర్వం. వెనక్కి పంపే గడువు దాటిపోయింది. ఫాల్ కుట్టించాం కనుక వెనక్కి తీసుకోం అన్నారు. ఆ కొట్టు పేజీ తెరిచి చూస్తే లేదు. రెండ్రోజులకు అదే చీర, అదే అమ్మాయి, అదే నవ్వు, ఇంకో పేరుతో ఉన్న కొట్లో కనిపించాయి. ఈ కొట్లన్నీ నడిచే ఆన్‌లైన్ వేదికవాళ్లను అడిగితే, మేం కేవలం వేదిక, అమ్మింది వేరేవారు అని జవాబొచ్చింది. విదేశీ పెట్టుబడి ఉన్న వేదికలు మన దేశంలో సొంత సరుకు పెట్టుకుని చిల్లరగా అమ్మకూడదన్న నియమం ఉంది కనుక ఆ మాటలో సగం చట్టం ఉంది. మిగతా సగం చట్టం మాత్రం కాగితం మీద నా పక్షానే ఉంది. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం చెప్పిన లక్షణాలు లేని సరుకును అమ్మినవాడు వెనక్కి తీసుకోననకూడదు. కొన్నవాడి వేషం వేసి తన సరుకుకు తానే రివ్యూ రాసుకోకూడదు. ఫిర్యాదు అందినట్టు వేదిక 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి.

అయితే కాగితం బరువెంతో బ్యాంకువాడికి చెప్పాలా? 2022 ఆగస్టులో నాణ్యతా ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు తన వేదిక మీద 2,265 అమ్ముడైనందుకు ఒక పెద్ద సంస్థకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆ అమ్మకాల మీద ఆ సంస్థకు వచ్చిన రుసుము 6 లక్షల పైమాటే. ఇంత తక్కువ వడ్డీకి నేనెవరికీ అప్పివ్వలేదు.

నా సొమ్ము మాత్రం నాకొచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, అక్క దగ్గర తీసిన ఫొటోలు పంపాక, ఓ రోజు 1,499 ఖాతాలో పడింది. మోసపోవడం నేరం కాదు కనుక ఇక్కడిదాకా నేను నిర్దోషినే. ఆ తర్వాతవే నా సొంత తెలివితేటలు.

మొదట డెలివరీ కుర్రాళ్ల మీద పడ్డాను. పెట్టె తెరిచి, తిరగేసి, తూచినంత పని చేసి గానీ సంతకం పెట్టను. ఓ మిట్టమధ్యాహ్నం ఒక కుర్రాణ్ణి గుమ్మంలో ఎండలో నిలబెట్టి, పప్పు ప్యాకెట్ల మీద తేదీలన్నీ చదివాను. అతను "సార్, ఇంక ముప్పై ఇండ్లున్నయి" అన్నాడు. నీ ఇబ్బంది నాకెందుకన్నట్టు కళ్లజోడు సవరించుకున్నాను. నన్ను ముంచినవాడు ఏ ఊళ్లో, ఏ చల్లటి గదిలో కూర్చున్నాడో! వాడికి నా కళ్లజోడు సెగ తగలనే లేదు.

తర్వాత పోచంపల్లి వెళ్లాం. అక్కకు అసలు చీర పెట్టి పరువు నిలుపుకుందామని. ముందు గదిలో మగ్గం, పక్క గదిలో చాప మీద చీరలు. నేతాయన నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చీర విప్పి పరిస్తే నేను ముందు వెనకవైపు చూశాను. గోటితో గీకాను. పోగు కాల్చి చూపించమన్నాను. ఆయనే అగ్గిపుల్ల గీసి చూపించాడు. గుర్తింపు ఉందా అన్నాను. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పట్టుకు సిల్క్ మార్క్ 2004 నుంచి, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ 2006 నుంచి ఉన్నాయి. ఆయన చీరకున్న లేబుల్ తిప్పి చూపించాడు. "ఈ లేబుళ్లకు కూడా నకిలీలు వస్తున్నాయటగా?" అన్నాను. ఆయన లేబుల్ వదిలేశాడు.

ధర 9,500 అన్నాడు. నేను జేబులోంచి ఫోన్ తీశాను. ఆ దొంగ కొట్టు కొత్త పేరుతో పెట్టిన పేజీ తెరిచి, "ఇదే డిజైను ఇక్కడ పదిహేను వందలుంది, చూడు" అన్నాను.

అది దొంగ చీరని నాకు తెలుసు. ఆ పోగు కరిగి పూసవడం నా కళ్లతో చూశాను. అయినా అసలు చీర ముందు నిలబడి దొంగ చీర ధర అడిగాను. ఆయన ఫోన్ వైపు చూశాడు. "ఫోటో మా ఊరి చీరదే సార్. పంపేది వేరే," అన్నాడు. "మా బిడ్డ గూడ ఫోన్ల అమ్ముతది. మా చీర పెడితే పక్కనే గీ పదిహేను వందలది కనవడ్తది. తొమ్మిది వేలు చెప్పెటోళ్లే దోచుకుంటున్నరని కింద రాస్తరు. మీకు నమ్మకం లేకుంటే కొనకుండ్రి సార్. గానీ గా ఫోను ముందట వెట్టి అడగకుండ్రి."

"చూసి చెప్తాం" అని లేచాను. కారెక్కాక చాలాసేపు మాట్లాడని మా ఆవిడ, మలుపు తిరిగాక అంది: "దొంగోడు మీకు దొరకలే. గీయన దొరికిండు."

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఫోన్‌లో ఈ గోడంతా చెప్పుకుంటే, తను కాలేజీలో చదువుకున్న ఒక వ్యాసం గురించి చెప్పింది. జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో అచ్చువేశాడట. అంతకు ముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. పాత కార్ల బజారును చూపించి ఆయన చెప్పింది ఇదీ: ఏ బండి మంచిదో ఏది డొక్కుదో కొనేవాడికి తెలియనప్పుడు, ఏది దొరుకుతుందో ఏమోనని మధ్యస్థంగా ఒక ధర ఇస్తానంటాడు. మంచి బండి ఉన్నవాడికి ఆ ధర గిట్టదు, ఇంటికి పోతాడు. బజారులో డొక్కులు పెరుగుతాయి. కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు. ఇంకొందరు మంచివాళ్లు పోతారు. మోసం ఖరీదంటే మోసపోయినవాడి జేబుకు పడిన చిల్లు ఒక్కటే కాదు, నిజాయితీగా అమ్మేవాళ్లు కొట్టు మూసేయడం కూడా ఆ ఖరీదులోదే. అదే వ్యాసంలో మన దేశం గురించీ ఉంది. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం రాళ్లు కావాలని కలిపేస్తే ఆడవాళ్లు కూర్చుని ఏరుకోవాల్సి వస్తోందని రాశాడట. మా అమ్మ చేట పట్టుకుని అరుగు మీద కూర్చుని చేసిన పనికి నోబెల్ వ్యాసంలో చోటు దొరికిందన్నమాట. ఆవిడ రాయిని ఏరి పారేసి బియ్యం ఉంచుకునేది. నేను రాయి ధర పట్టుకుని బియ్యాన్ని బేరమాడి వచ్చాను.

ఆ రాత్రి కోపమంతా ఆ దొంగ కొట్టు మీద వెళ్లగక్కాలని, తిట్టి ఒక రివ్యూ రాద్దామని కూర్చున్నాను. నా ఖాతా తెరిస్తే అంతకు ముందు నేను రాసినవి వరసగా వచ్చాయి. వాటిలో ఒకటి ఫోన్ ఛార్జరుది. ఐదు స్టార్లు. "అద్భుతమైన ఛార్జరు. చాలా వేగం. కళ్లు మూసుకుని కొనవచ్చు."

అది రాసినప్పుడు ఆ ఛార్జరు ఇంకా పెట్టెలోనే ఉంది. పెట్టెతో పాటు చిన్న కార్డొకటి వచ్చింది. ఐదు స్టార్లిచ్చి, ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే 100 రూపాయలు పంపుతామని. పంపాను. వచ్చాయి. గిట్టుబాటైందని సంతోషించాను కూడా. ఛార్జరు నెల తిరక్కుండానే చచ్చింది. రివ్యూ మాత్రం నిక్షేపంగా ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో "17 మందికి ఉపయోగపడింది" అని ఉంది.

నాకు నిజంగా చుక్కలు కనిపించాయి. నాలుగు వేల మంది ముక్కూమొహం తెలియనివాళ్లని పొద్దుట్నుంచీ తిట్టుకుంటున్నానే, వాళ్లెవరో అప్పుడు తెలిసింది. నాలాంటివాళ్లే. రిటైరైనవాళ్లు, పెద్దమనుషులు, అద్దంలో చూసుకుంటే దొంగల్లా కనిపించనివాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు, ఒక్కో వంద. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా సరిచూడాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అని ప్రమాణం తెచ్చింది. అప్పుడది ఇష్టమైనవాళ్లు పాటించేదిగానే వచ్చింది. నన్నెవరూ సరిచూడలేదు. నా కొలువంతా నేనడిగిన జామీను సంతకం ధర, చివరికి 100 రూపాయలకు తేలింది.

రివ్యూ దిద్దాను. "ఛార్జరు నెలకే పోయింది. ఈ స్టార్ల కోసం నాకు 100 రూపాయలిచ్చారు" అని ఉన్నదున్నట్టు రాశాను. ఐదు స్టార్లప్పుడు నిమిషంలో అచ్చయింది. ఇప్పుడు మాత్రం "మీ అభిప్రాయం మా పరిశీలనలో ఉంది" అని వచ్చింది. చాలాకాలం పరిశీలించారు. తర్వాత, నియమాలకు విరుద్ధంగా ఉన్నందున ప్రచురించలేమన్నారు. పాతది తీసేయడానికి మాత్రం వీలైంది, తీసేశాను. ఆ 17 మందికి నేను చేయగలిగిందేమీ లేదు.

పోచంపల్లి నేతాయన కూతురి పేజీ వెతికి పట్టుకున్నాను. ఆమె ప్రతి చీరనూ ముందూ వెనకా తిప్పుతూ, మగ్గం మీద ఉన్నప్పటి నుంచి మడత పెట్టేదాకా వీడియో తీసి పెడుతోంది. నాలాంటివాళ్ల కోసం ఆమె ఇంత చాకిరీ అదనంగా చేస్తోంది. ధర తగ్గించమనకుండా అక్క కోసం ఆర్డరు పెట్టాను. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయమని సందేశం పంపింది. కొందరు మంచి చీర తీసుకుని పాత చీర వెనక్కి పంపుతున్నారట, అందుకని. ఇంకెప్పుడైనా అయితే "నన్నే అనుమానిస్తావా" అని మండిపడేవాణ్ణి. నోరు మూసుకుని, మా ఆవిడ ఫోన్ పట్టుకోగా, పంచనామా రాసే జమాదారులా టేపు కోసి చీర తీశాను. కొంగు తిరగేశాను. రెండువైపులా ఒకటే రంగు. అక్క ఆ చీరను కిటికీ దగ్గరికి తీసుకెళ్లలేదు, భుజం మీద వేసుకుంది.

ఆ రాత్రే కూర్చుని రివ్యూ రాశాను. ఎవరూ అడగకుండా, కార్డు లేకుండా, ఇక్కత్ అంటే ఏమిటో, వెనకవైపు ఎలా చూడాలో అన్నీ చెప్పి, మనస్ఫూర్తిగా ఐదు స్టార్లు ఇచ్చాను. మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీరు రాసింది చదివిన. మస్తు మంచిగ రాసిన్రు. గానీ గింత మంచిగ రాస్తే మేమే పైసలిచ్చి రాయించుకున్నమనుకుంటరు. ఏమనుకోకుండ్రి సార్, ఒక్క స్టార్ తగ్గియ్యుండ్రి. చిన్న వంక గూడ పెట్టుండ్రి."

చాలాసేపు ఆలోచించాను. సగం కొట్టేసి నాలుగు ముక్కల్లో రాశాను: "చీర అసలైన చేనేత. బాగుంది. ప్యాకింగు ఇంకొంచెం గట్టిగా ఉండాల్సింది." నాలుగు స్టార్లు ఇచ్చాను.

ప్యాకింగుకు ఏ వంకా లేదు. ఆ అబద్ధం మాత్రం పైసా తీసుకోకుండా ఆడాను.